వల కోసినవాడు

ఆ కబురు వచ్చినప్పుడు నేను మస్కట్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను. రుసైల్‌లో ఏదో ఫ్యాక్టరీలో పనిచేసే తెలుగాయనట, వార్డుకి ఫోన్ చేశాడు.

"సిస్టరమ్మేనా అండి? బర్కా అవతల సేపల మ్యూజియంలో ఉండీవోడు, మా ఊరాయన... పోనాడండి. ఇంటికాడ్నించి ఉత్తరమొచ్చింది. ఆయన ఎప్పుడూ మీ మాటే సెప్పీవోడు. సిస్టరమ్మ నన్ను సల్లగా సూసుకుంది అనీవోడు. అందుకని, మీకు సెప్పాలి గదా అని..."

ఎలా పోయాడని అడిగాను. జ్వరమట. సరేనండీ, చెప్పినందుకు థాంక్స్ అన్నాను. ఫోన్ పెట్టేసి ఏడో నంబరు బెడ్‌కి డ్రిప్ మార్చాను. ఏడుపు వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. రాలేదు. మూడో రోజు ఘుబ్రా బజారులో బెండకాయలు ముదురువి అంటగట్టాడని కొట్టువాడితో గట్టిగా పోట్లాడాను. అంతే. నాలో కదలిక అంటూ ఏదైనా ఉంటే ఆ బెండకాయల మీదికే పోయింది.

ఆయన్ని నేను బాబాయ్ అనే పిలిచాను. ఇక్కడా అలాగే ఉండనివ్వండి.

ఎనభైల చివర నన్ను బర్కా దాటాక ఒక సముద్రపు ఒడ్డు ఊరి హెల్త్ సెంటర్‌లో వేశారు. ఊరంటే ఖర్జూరపు తోటలు, ఇసుకలో ఎండేసిన కవళ్ల చేపలు, వాటి మీద ఈగలు, ఆ వాసన. చీరాల దగ్గర పుట్టినదాన్ని నేను, ఎండుచేపల వాసన నాకు కొత్తేమీ కాదు. అయినా మొదటి నెల అన్నం సహించలేదు. ఆ ఊళ్లో చెప్పుకోదగ్గవి మూడే: మసీదు, మా హెల్త్ సెంటర్, ఆ మ్యూజియం.

మ్యూజియం అంటే మరీ గొప్పగా ఊహించుకోకండి. రెండు గదులు. ఒకప్పుడు ఎండుచేపలు నిలవచేసిన కొట్టు. సున్నం కొట్టారు కానీ వాసన పోలేదు. ఖర్జూరపు మట్టల ఈనెలతో కట్టిన పాతకాలం పడవ ఒకటి, దాన్ని వాళ్లు శాషా అంటారు. చేపలు పట్టే బుట్టలు, చిల్లు పొడిచిన రాతి లంగర్లు, గోడకి ఒక మూల నుంచి ఇంకో మూల దాకా పరిచి మేకులకు తగిలించిన పాత నూలు వల. ప్రతిదాని కిందా అరబ్బీలో, ఇంగ్లిషులో టైపు చేసిన అట్టముక్కలు. నైలాన్ వలలు, ఇంజన్ పడవలు వచ్చేశాక ఈ సామానంతా పొయ్యిలోకి పోతోందని, ఆ ఊరి పెద్ద కుటుంబంలో చిన్నకొడుకు ఇవన్నీ పోగుచేసి పెట్టాడు. ఆయన మస్కట్‌లో అధికారి. బుధవారం సాయంత్రం వచ్చి శుక్రవారం గడిచాక వెళ్లేవాడు. బాబాయ్ ఆయన్ని అర్బాబ్ అనేవాడు, యజమాని కాబట్టి. నేనూ అలాగే అనడం మొదలుపెట్టాను, మర్యాద కోసం.

బాబాయ్‌ది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. వచ్చింది తోటపని వీసా మీద. చెట్టెక్కడం రాదు, పాదు తవ్వడం రాదు. ఒకరోజు తోటలో కోళ్లకు అడ్డంగా కట్టిన పాత వలముక్కని తీసి, కూర్చుని బాగుచేస్తుంటే అర్బాబ్ చూశాడట. మర్నాటి నుంచి మ్యూజియంలో డ్యూటీ. తుడవడం, దుమ్ము దులపడం, ఎవరైనా వస్తే చూపించడం.

చూపించడం అన్నానా, అది చూసి తీరాలి. స్కూలు బస్సులో ఒమానీ పిల్లలు వచ్చినా, ఎంబసీ కార్లలో తెల్లవాళ్లు వచ్చినా బాబాయ్ అంతా తెలుగులోనే చెప్పేవాడు. తెలుగంటే మళ్లీ పుస్తకాల తెలుగు కాదు. "ఇదిగో, ఇటు సూడండి. ఈ బుట్టలోకి సేప ఎల్తాది. ఎల్లినాది మరి తిరిగి రాదు. ఎందుకు రాదు? అడగండి మరి!" అని వాళ్ల మొహాల్లోకి చూసేవాడు. వాళ్లు భయపడి తలలూపేవాళ్లు. "ఎందుకంటే దీని నోరు లోపలికి ఒంది గావట్టి!" అని తనే చెప్పి, చెయ్యి బుట్టలోకి పెట్టి, రాకుండా ఇరుక్కున్నట్టు నటించేవాడు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు.

"బాబాయ్, వాళ్లకి మన తెలుగేం తెలుస్తుంది?" అన్నానొకసారి.

"సేపకి బాసేటమ్మా? ఆళ్లు తలకాయలు ఊపినారు కాదేటి?"

కుర్చీలో కూర్చునేవాడు కాదు. హెల్త్ సెంటర్‌కి వచ్చినా నేల మీదే. కాళ్లు చాపుకుంటే గాని ఆయనకి ఆలోచన తెగదు. వల అల్లేటప్పుడు ఒక కొసని కాలి బొటనవేలుకీ పక్కవేలుకీ మధ్య బిగించి పట్టుకునేవాడు. ఏమీ అల్లకపోయినా ఆ రెండు వేళ్లూ ఏదో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉండేవి. బీపీ చూస్తున్నప్పుడు కూడా.

ఆ ఊరి సముద్రమంటే ఆయనకి మహా చులకన. "ఇదేం సముద్రమమ్మా, గోలెంలో నీళ్లు. ఒక్క కెరటం నేదు. ఇందులోకి ఎల్లడానికి మొగోడెందుకు? నువ్వెల్లిపోగలవు." మరి అంత చులకనైతే ఒకసారి దిగరాదా బాబాయ్ అంటే, మాట మార్చేసి గాలి ఎటు వీస్తోందో చెప్పేవాడు. అడగ్గా అడగ్గా ఒకసారి మాత్రం, తన తమ్ముడు తుపానులో పోయాడని, అప్పట్నించి నీళ్లలో కాలు పెట్టలేదని చెప్పాడు. ఆ చెప్పడం కూడా బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. నేనూ అలాగే విన్నాను. గల్ఫ్‌లో ఒకళ్ల ఏడుపు ఇంకొకళ్లం ఏడవం. ఎవరి డ్యూటీ వాళ్లది.

ఇప్పుడు ముసలావిడ గురించి చెప్పాలి. అర్బాబ్ వాళ్ల అమ్మ. షుగరు. చూపు దాదాపు పోయింది, వెలుగూ చీకటీ మాత్రం తెలిసేవి. శుక్రవారం హెల్త్ సెంటర్ మూసి ఉంటుంది కాబట్టి, ఆ రోజు ఇంటికొచ్చి ఇన్సులిన్ ఇవ్వమని అర్బాబ్ అడిగాడు. కాదనే ధైర్యం నాకెక్కడిది? ఆయన మాట మా డాక్టరు దగ్గరా, పైనా చెల్లుతుంది. నా కాంట్రాక్టు ఏటేటా రెన్యువల్ అవ్వాలి. కాదనకపోవడమే కాదు, ఆవిడంటే ఇష్టం కూడా కలిగింది. ఉమ్మీ అని పిలిచేదాన్ని, అమ్మ అని. సూది అయ్యాక నా మోచెయ్యి పట్టుకుని వంద అడుగులు నడిచి మ్యూజియానికి తీసుకెళ్లమనేది. ప్రతి శుక్రవారం.

అక్కడ పడవ దగ్గర ఆగేది కాదు, బుట్టల దగ్గర ఆగేది కాదు. గోడకున్న వల మీద చెయ్యి వేసి, తడుముకుంటూ మధ్యదాకా నడిచేది. అక్కడ వలకి పెద్ద చిరుగు ఉంది. ఆ చిరుగులోంచి చెయ్యి మోచేతిదాకా పోనిచ్చి అలా నిలబడేది. ఒక మాట లేదు, కన్నీళ్లు లేవు. కాసేపటికి చెయ్యి తీసి "పద" అనేది.

ఆ వల కిందున్న అట్టముక్క మీద కథ ఉంది. ఆవిడ పెద్దకొడుకుని సముద్రం తీసుకుపోయిన రోజున వల ఇక్కడ చిరిగింది, మనిషి రాలేదు, వల మాత్రం ఒడ్డుకి కొట్టుకొచ్చింది అని. అప్పటికి అర్బాబ్ ఆరేళ్లవాడట. వచ్చినవాళ్లందరినీ ఆ చిరుగు దగ్గర నిలబెట్టి ఆ సంగతి చెప్పేవాడు. చెప్తున్నప్పుడు గొంతు మారేది. మొత్తం మ్యూజియం ఆ చిరుగు కోసమే కట్టాడని నాకు అనిపించేది.

ఇదంతా నాకు తెలుసు. బాబాయ్‌కి తెలియదు. ఆయనకి చదువు రాదు, అర్బాబ్ చెప్పే అరబ్బీ, ఇంగ్లిషు రావు. నేను చెప్పి ఉండొచ్చు. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా తోచలేదు. 

ఒక శుక్రవారం ఉమ్మీని తీసుకుని వెళ్లేసరికి బాబాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెళ్లివారిని ఎదుర్కొనేవాడిలా ఉన్నాడు. ఉమ్మీ వల మీద చెయ్యి వేసింది, నడిచింది. మధ్యకి వచ్చింది, దాటిపోయింది. ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ మొదటి మేకు దగ్గర్నించి మొదలుపెట్టింది. నేను గోడవైపు చూశాను. చిరుగు లేదు. అసలు అక్కడ చిరుగన్నది ఎప్పుడైనా ఉందా అన్నట్టుంది వల.

"ఏం చేశావు బాబాయ్?" అన్నాను. 

"ఆరు రోజులు పట్టినాదమ్మా. దారం ఇక్కడ దొరకదు గదా, ఆ మూల పారేసిన ముక్క ఉంటే దాన్ని ఊడదీసి, ఆ దారంతోనే కట్టినాను. రంగు కలిసిపోనాది, సూడు."

"ఎవరు కట్టమన్నారు నిన్ను?"

"ఎవరేటి? ఆ యమ్మే గదా! మా ఊళ్లో పడవ యజమాని తల్లో పెళ్లామో ఉంటాది సూడు, వల బాగుసెయ్యనేదనుకో, కూలోడిని తిట్టదు. ఒచ్చి సిరుగులో సెయ్యి పెట్టి నిలబడతాది, అంతే. అది తిట్టుకంటే ఎక్కువ. నాను సిగ్గుతో సచ్చిపోతన్నాను. కూటికి దండగ అనుకుంటంది గావాల, ప్రతి శుక్రవారం ఒచ్చి సూపెడతంది, నాను పన్జెయ్యలేదని. మరెన్నాళ్లు పడతాను?"

ఏడాదిన్నరగా ప్రతి వారం ఆవిడ తనని అవమానిస్తోందని అనుకుంటూ, ఎవరికీ చెప్పుకోకుండా తలొంచుకు నిలబడ్డాడీ మనిషి. చిరిగిన అంచులేవీ, దాచావా అని అడిగాను, మళ్లీ ఏదైనా చేయొచ్చేమోనని. అంచులు పీలికలుగా ఉంటే ముడి నిలవదని, ముందు వాటిని సాపుగా తీసేసి పారేశానని చెప్పాడు. అప్పుడు చెప్పాను వల సంగతి, అట్టముక్క మీది కథ. బాబాయ్ గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

ఉమ్మీ ఇదేమీ పట్టించుకోలేదు. మధ్యలో ఆగి ముడులు ఒక్కొక్కటే తడుముతోంది. చాలాసేపు. తర్వాత "ఎవరు కట్టారు?" అంది. ఇండియావాణ్ని అక్కడ హిందీ అంటారు. ఈ హిందీ కట్టాడు, తెలియక చేశాడు ఉమ్మీ, క్షమించు అన్నాను. చెయ్యి చాపింది. బాబాయ్ లేచి దగ్గరికి వచ్చాడు. ఆవిడ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వేళ్లు తడిమింది, దారం కోసుకున్న గాట్లన్నీ. అప్పుడు చెప్పింది, గొంతు ఏమాత్రం పెంచకుండా.

"ఆ రోజు నా కొడుకు ఈ వల తీసుకుపోలేదు. ముందు వారమే రాయికి తగిలి చిరిగింది. దారం వడికి ఇవ్వమ్మా, కట్టుకుంటాను అన్నాడు. పక్కింట్లో పెళ్లి. రేపు వడుకుతాలే అన్నాను. రేపు కూడా అదే మాటన్నాను. మూడో రోజు వేరేవాళ్ల పడవలో కూలికి వెళ్లాడు. ఆ పడవ రాలేదు. వల ఒడ్డుకొచ్చిందని తర్వాత ఎవరో అన్నారు, చిన్నాడు అదే నమ్మి పెరిగాడు. నేను కాదనలేదు." మళ్లీ అంది. "ఇంతకాలానికి ఎవరో ఒకరు కట్టారు. చిన్నాడికి చెప్పకండి. వాడు అన్న పేరు మీద కట్టుకున్నదంతా అబద్ధమని తెలిస్తే తట్టుకోలేడు. నా మొహం ఎలా చూస్తాడు?"

నేను తెలుగులో బాబాయ్‌కి చెప్పాను. ఆయన ఆవిడ చేతుల్లోంచి చెయ్యి తీసుకోకుండానే విన్నాడు. "సరే అని సెప్పు. నోరిప్పం అని సెప్పు." చెప్పాను. ఆవిడ ఆ రోజు తిరుగుదారిలో నా మోచెయ్యి గట్టిగా పట్టుకోలేదు.

తర్వాతి గురువారం అర్బాబ్ ఎవరో విదేశీ అతిథుల్ని తెచ్చాడు. చిరుగు దగ్గర నిలబెట్టి కథ మొదలుపెట్టబోయాడు. చిరుగు లేదు. అతిథుల ముందు ఏమీ అనలేదు. వాళ్లని పంపించేసి నాకు మనిషిని పంపాడు, తన మాట బాబాయ్‌కి తెలుగులో చెప్పడానికి రమ్మని. వెళ్లేసరికి బల్ల మీద చేపలు కోసే కత్తి ఉంది. అర్బాబ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపం ఒక్కటే కాదు, ఏడ్చినట్టున్నాడు.

"అడుగు వీణ్ని. ఏ హక్కుతో ముట్టుకున్నాడో అడుగు. సరే, అయిందేదో అయింది. ఎక్కడ కట్టాడో వాడికే తెలుసు. కోసెయ్యమను. అది ఎలా ఉండేదో అలా చెయ్యమను. చేస్తే ఉంటాడు, లేదంటే వీసా క్యాన్సిల్, టికెట్."

చెప్పాను. బాబాయ్ కత్తివైపు కూడా చూడలేదు. "కొయ్యను."

"బాబాయ్, పోయేది నీ పని. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలున్నారు. కోసెయ్. ముసలావిడకి నేను నచ్చజెబుతాను."

"తల్లీ, బాగున్న వలకి కత్తి పెడితే మా ఊళ్లో మడిసికింద లెక్కెయ్యరు. పగోడి వల కోసినా కులంలోంచి ఎలేత్తారు. తాగడానికి నీళ్లు కూడా పొయ్యరు. ఇది ఆ యమ్మ సేత్తో తడిమి ఒప్పుకున్న వల. దీన్ని నాను కొయ్యను. ఎవుల్ని కొయ్యమంటారో కొయ్యమను."

"ఏమంటున్నాడు?" అన్నాడు అర్బాబ్. "ఏదో దాస్తున్నాడు. ఏమిటది?"

ఒక్క మాట. మీ అమ్మగారిని అడగండి, అంటే చాలు. ఆ మాట నా నాలుక చివర ఉంది. బాబాయ్ నా మొహం చూసి పట్టేశాడు. "సెప్పకు. మాటిచ్చీసినాం."

నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పనా? చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు అనుకోవడానికి ఒక సాకు దొరికింది. నిజానికి నాకు భయం. అర్బాబ్ అమ్మ గుట్టు నా నోటితో బయటపడితే నా కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడదు. అర్బాబ్‌కి బాబాయ్ వాళ్ల ఊరి ఆచారం మాత్రం చెప్పాను. ఆయన వినలేదు. వినే స్థితిలో లేడు కూడా. అన్న చిరుగును పోగొట్టాడు వీడు, అదొక్కటే ఆయనకి కనిపిస్తోంది.

అయిదో రోజున బాబాయ్ వెళ్లిపోయాడు. వెళ్లేముందు హెల్త్ సెంటర్‌కి వచ్చి మామూలుగా నేల మీద కూర్చున్నాడు. బీపీ చూడమన్నాడు. చూశాను, బాగానే ఉంది.

"ఆ యమ్మ అడిగితే సెలవు మీద ఎల్లినాడని సెప్పు. పంపించీసినారని తెలిత్తే కొడుకుని అడుగుతాది. అడిగితే మొత్తం బైటపడతాది. ముసిలిది, ఆ కాస్త నిమ్మళం దానికి ఉండనీ."

సరే అన్నాను. కష్టంగా ఉందా బాబాయ్ అని అడగలేదు. ఊరెళ్లి ఏం చేస్తావని అడగలేదు. ఎయిర్‌పోర్టులో వాటర్ బాటిల్ కొనకు, ఇక్కడే నింపుకో, అక్కడ రేటెక్కువ అని చెప్పాను. ఆయన నవ్వాడు. కారెక్కేముందు గాలి ఎటుందో చూసుకున్నాడు, అలవాటు కొద్దీ.

ఆ బుధవారం సాయంత్రం వచ్చి అర్బాబ్ తనే కత్తి తీసుకుని వల మధ్యలో కోశాడట. ఆ సంగతి నాకు స్కూలు బస్సు డ్రైవరు చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. సూది వేశాను. ఈసారి ఉమ్మీ ఎప్పటికంటే హుషారుగా లేచింది. మ్యూజియం గుమ్మం దాటి వల మీద చెయ్యి వేసి, ఆ ముడులున్న చోటుకి తిన్నగా నడిచింది. చెయ్యి లోపలికి పోయింది, మోచేతిదాకా.  తర్వాత అంచు తడిమింది, పైనుంచి కింది దాకా, తీరిగ్గా.

"ఇది చిరిగింది కాదు. కోసింది" అంది.

ఆవిడ మొహం నావైపు తిప్పింది.

"ఎవరు? ఆ హిందీయేనా?"

ఎలకలు కొరికాయి అనొచ్చు. నాకు తెలీదు అనొచ్చు. ఇవన్నీ తర్వాత గదిలో పడుకున్నాక తోచాయి. మీ అబ్బాయి కోశాడంటే ఎందుకని అడుగుతుంది, అతనేడని అడుగుతుంది, ఇంటికెళ్లి కొడుకుని నిలదీస్తుంది, సాయంత్రానికి ఆయన నా క్వార్టర్స్ గుమ్మంలో ఉంటాడు. అప్పటికి నాకు కనపడింది అంతే.

"అవును ఉమ్మీ. అతనే కోశాడు. కోసి వెళ్లిపోయాడు."

ఆవిడ చెయ్యి వలలోంచి తీసుకుంది. ఆ రోజు బాబాయ్ చేతిని పట్టుకున్న ఆ రెండు చేతుల్నీ చాపి, నీళ్లు పొయ్యి, కడుక్కుంటాను అంది.

మూలనున్న కూజా తెచ్చి నీళ్లు పోశాను.